వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్: కొత్తగా చేరాను, నాలుగు సూచనలు

కొత్తచైను:
అందరికీ నమస్తే. ఈ ఆన్‌లైన్ ట్యాంకుల యుద్ధపు ఆట మొదలుపెట్టి ఆరు వారాలైంది, 340 మ్యాచ్‌లు ఆడాను. బాగా నచ్చింది, అందుకే ఇంత రాస్తున్నాను.

మొదటిది, ఒక్కో గుండు చేసే డ్యామేజ్‌లో అటూ ఇటూ 25 శాతం అదృష్టం తీసేయాలి, కనీసం పదికి తగ్గించాలి. 390 అని రాసున్న గన్ ఒకసారి 293 తీస్తుంది, ఇంకోసారి 487. రెండోది, శత్రువుకి మనం కనబడిన మూడు సెకన్లకి గానీ, మనల్ని చూశారని చెప్పే బల్బు వెలగదు. వెంటనే వెలగాలి. మూడోది, ఐదో టైర్ (ట్యాంక్ స్థాయి) దాకా 500 మ్యాచ్‌లు దాటనివాళ్లకి వేరే క్యూ (మ్యాచ్ కోసం నిలబడే వరుస) ఉండాలి. జట్లు కూర్చే మ్యాచ్‌మేకింగ్ ట్యాంక్ టైర్ చూస్తుంది గానీ, నడిపేవాడి అనుభవం చూడదు. ఇక పొదల లెక్క ఆటలోనే సరిగ్గా నేర్పాలి. పొదకి 15 మీటర్ల లోపు నిలబడి కాలిస్తే ఆ పొద దాచదట, వెనక్కి జరిగి కాలిస్తే దాస్తుందట. ఇది తెలియక మూడు వారాలు పొదలో దూరి కాలుస్తూ చచ్చాను.

ఇనుపగోడ:
తమ్ముడూ, స్వాగతం. మొదటి సూచన గురించే మాట్లాడతాను, ఎందుకంటే అది తీసేస్తే ఇది ఈ ఆటే కాదు.

డ్యామేజ్‌కే కాదు, పెనిట్రేషన్‌కీ (గుండు ఎంత మందం పలకని చీల్చగలదో దానికీ) అదే 25 శాతం ఉంది. ఐఎస్-3 ట్యాంక్ పెద్ద గన్ సగటు 225 మిల్లీమీటర్లు. ఒక గుండు 169 దగ్గరే ఆగిపోవచ్చు, ఇంకోటి 281 దాకా దూసుకెళ్లొచ్చు. అదృష్టం తీసేశామనుకో. ఎదుటివాడి ముందు పలక 230 ఉంటే నా గన్ ఎన్నిసార్లు కాల్చినా లోపలికి పోదు. 220 ఉంటే ప్రతి గుండూ లోపలికే. పది మిల్లీమీటర్ల తేడాకి ఒక ట్యాంక్ కోట అయిపోతుంది, పక్కది అట్టపెట్టె అయిపోతుంది. రెండు టైర్లు పైనున్నవాళ్ల మధ్య పడ్డవాడికి ఆ 281 ఒక్కటే ఆశ. నువ్వు తీసేయమంటున్నది కొత్తవాడి ఆశనే.

390 వస్తుందని ఆడకు. 293 వస్తుందని ఆడు. ఎక్కువొస్తే సంతోషం.

గన్నర్_నిద్రలేదు:
బల్బు మూడు సెకన్లే ఉండాలి. వెంటనే వెలిగితే గుండు చేరేలోపు అందరూ రాయి వెనక్కి పోతారు, ఇక శత్రువుల్ని వెతికి చూపించే స్కౌట్ దేనికి?

పొదచాటు:
ఇనుపగోడ గారూ, పెనిట్రేషన్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ తను అడిగింది డ్యామేజ్ గురించి. రెండూ కలిపి కొట్టేస్తే ఎలా? గుండు లోపలికి వెళ్లాక కూడా లాటరీ దేనికి?

పోయిన నెల ఒక మ్యాచ్‌లో నేనొక్కదాన్నే మిగిలాను, అటు ఇద్దరు. ఒకణ్ణి లేపేశాను. రెండోవాడికి 300 హెచ్‌పీ (ట్యాంక్ ప్రాణం) మిగిలింది, నాది 390 గన్. పక్క పలకలోంచి నేరుగా వెళ్లింది గుండు, 294 తీసింది. ఆరు మిగిలింది. ఆ ఆరుతో వాడు నన్ను కాల్చాడు. పదిహేను నిమిషాల మ్యాచ్‌లో పద్నాలుగు నిమిషాలు నేను చేసినవన్నీ సరైనవే. ఇందులో నేను నేర్చుకోవాల్సింది ఏముందో చెప్పండి.

ఇనుపగోడ:
300 ఉన్నవాడి మీద ఒక్క గుండుతో పందెం కాశారు. 293 లెక్క వేసుకుని ఉంటే గోడ పక్కకి దిగి రీలోడ్ అయ్యాక రెండోది కొట్టేవారు. ఇది అదృష్టం తప్పు కాదు.

పొదచాటు:
మైదానం మధ్యలో గోడ ఎక్కడిదండీ? మీరు ఆ మ్యాచ్‌లో లేరు.

రెండోగేరు:
వార్ థండర్ అనే ఇంకో ఆటలో ట్యాంకులకి హెచ్‌పీ లెక్కే లేదు. గుండు లోపలికెళ్లి సిబ్బందికో మందుగుండుకో తగిలితే పోతావు, లేకపోతే లేదు. లాటరీ పడనివాళ్లు అక్కడ చూడండి.

పొదచాటు:
వేరే ఆటకి పొమ్మనడం జవాబు కాదు. పదివేల మ్యాచ్‌లు ఆడినదాన్ని, ఈ ఆట నాది కూడా.

ఇనుపగోడ:
ఆరు హెచ్‌పీ కోసం ఆట పునాది తవ్వుతామంటున్నారు. మీకు తగ్గిన మ్యాచ్‌లే గుర్తుంటాయి. 294 వచ్చిన రోజు గుర్తుంది. 480 వచ్చి బతికిపోయిన రోజులు ఎన్ని? అవి ఎవరూ ఇక్కడ రాయరు. 2012 నుంచి ఆడుతున్నాను. మూడు ట్యాంకుల గుంపుకి దూరం నుంచి కాల్చే ఆర్టిలరీ ఒక్క దెబ్బతో ముగింపు పలికిన రోజులు చూశాను, 2017లో దానికి స్టన్ (తగిలిన ట్యాంకుని కాసేపు మందగింపజేయడం) పెట్టి దెబ్బ తగ్గించడం చూశాను. ఎన్ని మారినా ఈ 25 మారలేదంటే కారణం ఉంటుంది.

కొత్తచైను:
అన్నా, రెండు రోజులుగా అందరూ ఆ 25 శాతం చుట్టే తిరుగుతున్నారు. అది మొదట రాయడం నా పొరపాటే. నాకు ముఖ్యమైనది మూడోది. దాని మీద ఒక్కరూ మాట్లాడలేదు.

నిన్న ఐదో టైర్‌లో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయాను. నాలుగింటిలోనూ ఎదురుగా టి67 ట్యాంకులు ఉన్నాయి, మూడేసి కలిసి ప్లటూన్‌గా (స్నేహితులు కట్టుకునే చిన్న గుంపుగా). దాని దెబ్బ 115 మాత్రమే, కానీ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. చనిపోయాక ప్రొఫైల్ చూస్తే ఒక్కొక్కరికీ ఇరవై వేల పైన మ్యాచ్‌లు. పైగా మా జట్టులోవాళ్లే ఆట తీసేసి పడుకోమని నాకు చాట్‌లో రాశారు. నేర్చుకోవడానికి నాకు ఇంకో చోటు ఏదీ లేదు కదా?

గన్నర్_నిద్రలేదు:
క్యూ రెండు ముక్కలైతే రాత్రిపూట 30 మంది పోగవ్వరు. అంతే.

పొదచాటు:
ఇది నిజమైన సమస్య. మా తమ్ముణ్ణి నేనే ఈ ఆటలోకి తెచ్చాను. 60 మ్యాచ్‌లు ఆడాడు. సగం మ్యాచ్‌లలో తను ఎవరినీ చూడకముందే చచ్చిపోయేవాడు. నాకు చెప్పకుండానే తీసేశాడు. వాడితో కలిసి ఆడాలన్నదే నా కోరిక, అది పోయింది.

అయితే నీ క్యూలో చిక్కు ఉంది. నేనూ మా తమ్ముడూ ప్లటూన్ కడితే ఏ క్యూలోకి వెళ్తాం? నేను కొత్తవాళ్లలోకి వస్తే మళ్లీ అదే కథ, వాడు పాతవాళ్లలోకి వస్తే ఇంకా ఘోరం. పైగా పాతవాడు కొత్త అకౌంట్ తెరిస్తే 500 మ్యాచ్‌ల దాకా వేటే వేట.

ఇనుపగోడ:
వేరే క్యూ కుదరదు. నేను మొదలుపెట్టినప్పుడు నన్నెవరూ వేరే క్యూలో పెట్టి కాపాడలేదు. తలుపు దగ్గర దెబ్బలు తినకుండా ఎవరూ లోపలికి రాలేదు. ఐదో టైర్ అందరిదీ. ఎవరికి ఏ ట్యాంక్ ఇష్టమైతే అది ఆడతారు.

రెండోగేరు:
ఇనుపగోడా, మీ ప్రొఫైల్ చూశాను. టి67లో 4,100 మ్యాచ్‌లు. ఇంకే ట్యాంక్‌లోనూ అన్ని లేవు. రెండు రోజులుగా మూడో సూచన ముట్టుకోకపోవడానికి ఇదేనా కారణం?

ఇనుపగోడ:
నా ప్రొఫైల్ నీకెందుకు? ఏ నియమం దాటాను? ఆటని మార్చే దొంగ మోడ్ వాడానా? చాట్‌లో ఎవరినైనా తిట్టానా? ఒక్కటి చూపించు.

పొదచాటు:
తప్పు చేశారని ఎవరూ అనట్లేదు. ఇంకో దారి అడుగుతున్నాను. వేరే క్యూ వద్దు. ఐదో టైర్ దాకా వచ్చిన గెలుపులు ప్రొఫైల్‌లో గెలుపు శాతానికి కలపకుండా ఉంటే చాలు. ఎవరినీ ఆపినట్టు కాదు. టి67 నిజంగా ఇష్టమైనవాళ్లు ఆడుకుంటారు, అంకెల కోసం దిగేవాళ్లు దిగరు. మా తమ్ముడితో ప్లటూన్ కూడా మిగులుతుంది.

ఇనుపగోడ:
ఇందాక కోపంలో రాశాను. ఇప్పుడు నెమ్మదిగా రాస్తాను.

తొమ్మిదో టైర్‌లో నా గెలుపు 46 శాతం. పదమూడేళ్లు ఆడాక కూడా అంతే. ఐఎస్-3 లెక్కలన్నీ నాకు నోటికొచ్చు, అయినా పైన నా చెయ్యి సాగదు, కుర్రాళ్లంత వేగంగా గురి పెట్టలేను. రోజంతా పని చేసి వచ్చి ఒక గంట ఆడతాను. ఆ గంటలో టి67 ఎక్కితేనే నేను ఆటగాణ్ణని అనిపిస్తుంది. మీరు ఆ అంకె తీసేయమంటున్నారు. తీసేస్తే ఇన్నేళ్ల తర్వాత నాకు మిగిలేది 46.

కొత్తచైను:
అన్నా, మీ గంట నాకు అర్థమవుతోంది. కానీ ఆ గంటలో ఎదురుగా ఉండేది నేనే. పొదచాటు అక్క తమ్ముడిలాగే నేనూ వెళ్లిపోతే మీకు ఐదో టైర్‌లో ఎదురెవరుంటారు?

మొదటి పోస్టు మారుస్తున్నాను. బల్బు సూచన తీసేశాను, గన్నర్ గారు చెప్పింది సబబే. వేరే క్యూ బదులు అక్క చెప్పింది పైన పెట్టాను. పొదల పాఠం అలాగే ఉంది. 25 శాతాన్ని డ్యామేజ్‌కి మాత్రమే పదికి తగ్గించమని రాశాను, పెనిట్రేషన్ జోలికి పోలేదు.

ఇనుపగోడ:
డ్యామేజ్‌కైనా సరే, 25 మీద నా మాట మారదు. ఆ గెలుపు శాతం సంగతి మీద ఇవాళ ఇంకేమీ రాయలేను.