క్లుజ్ అని రాయాలా, కొలోజ్వార్ అని రాయాలా?

ప్రశ్న: రైలుపెట్టె

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద రొమేనియాలోని క్లుజ్-నపోకాకు వచ్చి కొన్నాళ్ళయింది. ఇక్కడి సంగతులు తెలుగులో ఒక వ్యాసంగా రాద్దామని కూర్చుంటే, ఊరి పేరు దగ్గరే బండి ఆగిపోయింది. మా ఇంటి ఓనరమ్మ హంగేరియన్. ఆవిడ నోట క్లుజ్ అనే మాట రాదు, ఎప్పుడూ కొలోజ్వారే. ఆఫీసులో మా టీమ్ లీడ్ రొమేనియన్. మంచివాడే, కానీ నేను ఆ పేరు పలికితే చాలు, మొహం మాడ్చుకుంటాడు. "మేం రోమన్ల కాలం నుంచీ ఇక్కడివాళ్ళం, వాళ్ళు తర్వాత గుర్రాలెక్కి వచ్చారు" అంటాడు. ఓనరమ్మేమో "మేం వచ్చేసరికి ఇక్కడ వీళ్ళెవరూ లేరు, తర్వాత గొర్రెలు తోలుకుంటూ వచ్చారు" అంటుంది. ఎవరి మాట నమ్మాలి? ఏ పేరు వాడాలి? అచ్చయ్యాక ఫోన్‌లో అనువాదం చేసుకుని చదువుతామని ఇద్దరూ అన్నారు. అదీ నా టెన్షన్.

జవాబు: సూటిమాట

ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? 1920లో ట్రియనాన్ ఒప్పందంతో, అప్పటిదాకా హంగేరీ కింద ఉన్న ట్రాన్సిల్వేనియా, అంటే మీ క్లుజ్ ఉన్న ప్రాంతం, రొమేనియాదైపోయింది. వందేళ్ళు దాటింది. ప్రభుత్వం పెట్టిన పేరు క్లుజ్-నపోకా, అదే రాసేయండి. ఓనరమ్మ అలిగితే అద్దె పెంచుతుందేమో, అంతే కదా!

జవాబు: పాతపటాలు

సూటిమాట గారూ, ఆ ప్రభుత్వ పేరు వయసెంతో చూశారా? క్లుజ్ పక్కన నపోకా తగిలించింది రొమేనియా కమ్యూనిస్టు నియంత చౌసెస్కు, 1974లో. రోమన్ల కాలంలో ఇక్కడ నపోకా అనే పట్టణం ఉన్నమాట నిజమే. కానీ దాన్ని తవ్వి తీసి బోర్డు కెక్కించడంలో ఉద్దేశం వేరు. హంగేరియన్ల కంటే ముందున్న రోమన్లకు వారసులం మేమేనని చెప్పుకోవడం. రైలుపెట్టె గారి టీమ్ లీడ్ వాదన మొత్తం ఆ గీత తర్వాతి మూడక్షరాల్లో ఉంది.

నేను చాలా ఏళ్ళుగా ట్రాన్సిల్వేనియాలోనే మరో ఊరు సిబియులో ఉంటున్నాను. పాత పటాలు, పోస్టుకార్డులు పోగేయడం నా పిచ్చి. ఒకే వీధి బొమ్మ మీద ఆ ఊరి పేరును రొమేనియన్, హంగేరియన్, జర్మన్ మూడు భాషల్లోనూ అచ్చేసిన కార్డులు కూడా నా దగ్గరున్నాయి. అమ్ముకునేవాడికి అందరూ కావాలిగా మరి.

ఎవరు ముందన్న సంగతికొస్తే, రోమన్ సేనలు డేషియాను, అంటే ఇక్కడి తమ రాష్ట్రాన్ని, వదిలిపోయింది సుమారు 271లో, ఆరేలియన్ చక్రవర్తి కాలంలో. హంగేరియన్లు ఈ ప్రాంతానికి వచ్చింది 895 ప్రాంతంలో. మధ్యలో ఆరు వందల ఏళ్ళు. అప్పుడు ఇక్కడ లాటిన్ మూలం భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారా లేదా అన్నదానికి రాతపూర్వక ఆధారాలు బాగా తక్కువ. అందుకే ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పూరించుకుంటారు. 1200 ప్రాంతంలో హంగేరీ రాజుగారి కొలువులో పనిచేసిన ఒకాయన చరిత్ర రాశాడు. పేరు చెప్పుకోలేదు కాబట్టి అజ్ఞాతుడంటారు. హంగేరియన్లు వచ్చేనాటికే ఇక్కడ గెలూ అనే నాయకుడి కింద వ్లాక్‌లు, అంటే రొమేనియన్ల పూర్వీకులు, ఉన్నారని అందులో ఉంది. తమాషా ఏమిటంటే, హంగేరియన్ రాసిన ఆ పుస్తకాన్ని రొమేనియన్లు నెత్తిన పెట్టుకుంటారు, హంగేరియన్ చరిత్రకారులేమో మూడొందల ఏళ్ళ తర్వాత అల్లిన కథని కొట్టిపారేస్తారు.

ఈ తగవును మీరు తీర్చక్కర్లేదు. అది ఎందుకు పుట్టిందో రాయండి, అదే అసలు విషయం. 1437లో ఇక్కడ హంగేరియన్ ప్రభువులు, హంగేరియన్ మాట్లాడే సెకేలీలు, జర్మన్ మాట్లాడే సాక్సన్లు కలిసి మూడు జాతుల ఒడంబడిక చేసుకున్నారు. అందులో రొమేనియన్లకు చోటు లేదు. 1791లో రొమేనియన్లు మాకూ సమాన హక్కులివ్వండని, అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలుతున్న వియన్నా చక్రవర్తికి మహజరు పెట్టుకున్నారు. మేం ఇక్కడ అందరికంటే పాతవాళ్ళం అన్నది అందులో పెద్ద వాదన. హక్కు దొరకనివాడు పాతదనం చూపించుకున్నాడు. హక్కున్నవాడు ఆ పాతదనాన్నే కాదన్నాడు. మీ ఓనరమ్మ, టీమ్ లీడ్ ఈనాటికీ అప్పగిస్తున్నది ఆ పాఠమే.

1910 జనాభా లెక్కల్లో ఈ పట్టణంలో నూటికి 80 మందికి పైగా మాతృభాష హంగేరియన్. అదే ఏడాది ట్రాన్సిల్వేనియా మొత్తం చూస్తే రొమేనియన్లు సగానికి పైగా, హంగేరియన్లు మూడో వంతుకు కాస్త తక్కువ. ఊరు హంగేరియన్లది, చుట్టూ పల్లెలు రొమేనియన్లవి. ఓనరమ్మ పట్నం చూపిస్తుంది, టీమ్ లీడ్ పల్లెలు చూపిస్తాడు.

మీ ఊరి నడిబొడ్డు కూడలి పియాత్సా ఉనిరీలో మాథ్యాస్ రాజు గుర్రం విగ్రహం ఉంటుంది కదా, ఈసారి పీఠం మీది రాత చదవండి. "మత్తియాస్ రెక్స్", లాటిన్‌లో మాథ్యాస్ రాజు అని. అంతే. ఏ దేశానికి రాజో ఉండదు. ఆయన హంగేరీ రాజు, 1443లో పుట్టింది ఈ ఊళ్ళోనే, తండ్రి వంశం వ్లాక్ మూలాలది. ఇద్దరికీ కావాల్సినవాడే. 1992 నుంచి 2004 దాకా మేయరుగా ఉన్న రొమేనియన్ జాతీయవాది ఫూనార్ ఆ విగ్రహం చుట్టూ నానా రభసా చేశాడు. ఊళ్ళో బెంచీలకు, చెత్తబుట్టలకు కూడా రొమేనియా జెండా మూడు రంగులు పూయించాడు. చెత్తబుట్టకు జాతీయ జెండా రంగేమిటని ఆయన్ను ఆపినవాళ్ళు లేకపోయారు.

ఇక బోర్డుల సంగతి. 2001 నాటి చట్టం ప్రకారం ఒక ఊళ్ళో అల్పసంఖ్యాకులు 20 శాతం ఉంటే వాళ్ళ భాషలోనూ ఊరి పేరు రాయాలి. 2002 లెక్కల్లో క్లుజ్‌లో హంగేరియన్లు సుమారు 19 శాతం. ఆ ఒక్క శాతం అడ్డం పెట్టుకుని ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. కోర్టులు తిరిగి 2017కి గానీ కొలోజ్వార్ బోర్డెక్కలేదు. మా సిబియులో జర్మన్లు రెండు శాతం కూడా లేరు. అయినా ఊరి మొదట్లో హెర్మన్‌స్టాట్ అని దర్జాగా ఉంటుంది. సాక్సన్లలో ఎక్కువమంది జర్మనీ వెళ్ళిపోయారు. తలకింత అని పశ్చిమ జర్మనీ దగ్గర డబ్బు తీసుకుని మరీ చౌసెస్కు పంపించాడు. వెళ్ళిపోయినవాళ్ళ పేరు రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. భయమంతా ఇంకా ఇక్కడే ఉన్నవాళ్ళ పేరుతోనే.

మీ ఊరికి ఇక్కడి యూదుల భాష యిడ్డిష్‌లో కూడా ఒక పేరుంది, క్లోయ్జన్‌బుర్గ్. 1940లో హిట్లర్, ముస్సోలినీల తీర్పుతో ఉత్తర ట్రాన్సిల్వేనియా మళ్ళీ హంగేరీ చేతికి వెళ్ళింది. 1944లో ఇక్కడి ఇటుకల ఫ్యాక్టరీలో యూదులను పోగేసి, 16,000 మందికి పైగా నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు రైళ్ళెక్కించారు. ఆ పేరు ఏ శాతం లెక్కలోకీ రాదు. నన్నడిగితే మీ వ్యాసంలో అదొక్కటి మాత్రం వదలకండి.

జవాబు: మూడో ఏడాది మెడిసిన్

అన్నా, నేను ట్రాన్సిల్వేనియాలోనే టుర్గు మురేష్ అనే ఊళ్ళో చదువుతున్నాను. హంగేరియన్లకు ఇది మరోష్‌వాషార్‌హేయ్. 1990 మార్చిలో ఇక్కడ రెండు వర్గాలూ కొట్టుకుని ప్రాణాలు పోయాయి, కాబట్టి మేం నోరు జాగ్రత్తగా పెట్టుకుంటాం. మా పద్ధతి ఒకటే, ఎదుటివాళ్ళు ఏ పేరంటే మేమూ అదే. వార్డులో పెద్దవాళ్ళు కొందరు రొమేనియన్ వచ్చినా నొప్పి మాత్రం హంగేరియన్‌లోనే చెబుతారు. అందుకని "ఉందే వ దోఆరె" రాకపోతే "హోల్ ఫాయ్" అని అడుగుతాం. రెండింటికీ అర్థం ఎక్కడ నొప్పి అనే. వ్యాసానికి ఇది పనికిరాదేమో కానీ, కాఫీ తాగేటప్పుడు పనికొస్తుంది.

రైలుపెట్టె

అందరికీ థ్యాంక్స్. పాతపటాలు గారూ, మొదటి వాక్యం ఇలా మొదలెట్టాను, చూడండి: "1443లో క్లుజ్-నపోకాలో పుట్టిన మాథ్యాస్ రాజు..."

పాతపటాలు

అక్కడ నపోకా వద్దు, అప్పటికి అది లేదు. "కొలోజ్వార్‌లో (ఇప్పటి క్లుజ్‌లో) పుట్టిన" అనండి. 1974 తర్వాతి సంగతులకు పూర్తి పేరు వాడండి. 1944 పేరాలో మాత్రం క్లుజ్, కొలోజ్వార్, జర్మన్ పేరు క్లౌజెన్‌బుర్గ్ ఈ మూడే కాదు, యిడ్డిష్ పేరుతో కలిపి నాలుగూ రాయండి. టీమ్ లీడ్ అడిగితే నా పేరు చెప్పండి, ఓనరమ్మ అడిగినా అంతే.