ఒబా కోసో: ఉరా, ఊరా?

గోదారిగట్టు:
ఉరుము ఉరిమితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అని అందుకుంటారు కదా. నైజీరియాలో ఓయో అనే యొరుబా రాజనగరంలో అదే ఉరుముకి "ఒబా కోసో" అంటారు. పిడుగుల దేవుడైన షాంగోని, అంటే ఒకప్పటి ఓయో రాజుని, తలుచుకుంటూ అనే మాట. దీనికి "రాజు ఉరి వేసుకోలేదు" అని అర్థం చెప్పిన వ్యాసం ఎప్పుడో చదివాను. మొన్న ఇంకోచోట "కోసో రాజు" అని కనబడింది. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. ఆ "కో" వ్యతిరేకార్థకమా, ఊరి పేరులో మొదటి అక్షరమా? దానికి ముందు ఇంకో మాట కూడా ఉన్నట్టు గుర్తు, అది ఎంతకీ రావట్లేదు.

పాతప్రతి:
ముందున్నది "కబియేసి" అయ్యుంటుంది. ఎదురడిగేవాళ్ళు లేనివాడా అని రాజుని పలకరించడం. ఇక "కో" అంటే లేదు అనే అర్థమే, సందేహం అక్కర్లేదు. "ఒబా" రాజు, "సో" వేలాడటం. కథ లేకుండా ఈ మాట పుట్టదు. పిడుగుని రప్పించే మందు చేతికొచ్చాక షాంగో దాన్ని ప్రయోగించి చూస్తే తన ఇంటిమీదే పడింది, భార్యాపిల్లలు పోయారు. నగరం వదిలి వెళ్ళి ఆయాన్ చెట్టుకి ఉరి వేసుకున్నాడు. జనం "ఒబా సో" అని ఎగతాళి చేశారు. ఆ వెంటనే వాళ్ళ ఇళ్ళు కాలడం మొదలైంది. రాజు తరఫువాళ్ళు, మొగ్బాలు, "ఒబా కో సో" అనండి, అప్పుడే ఆగుతుంది అన్నారు. ఒక్క అక్షరం చేర్చి రాజుని దేవుణ్ణి చేశారు.

ఇబాదాన్ నుంచి:
పాతప్రతి గారూ, అంత తేలిగ్గా తేలదండీ. యొరుబాలో స్వరం మారితే మాట మారుతుంది. కింది, మధ్య, పై అని మూడు స్థాయిలు. "అజా" కింది-కింది అయితే అటక, మధ్య-పై అయితే కుక్క. "ఒబా కో సో" అన్నప్పుడు మధ్య-మధ్య-కింది-మధ్య. కోసో రాజు అనే అర్థంలో "ఒబా కోసో" అన్నా సరిగ్గా అవే నాలుగు. దుందున్ మీద వాయించి చూసినా తేడా తెలీదు. చంకలో ఇరికించుకుని పక్కతాళ్ళు నొక్కుతూ స్థాయి మార్చే డోలు అది. హల్లులు దానికి పలకవు, స్వరాలే పలుకుతాయి. మామూలుగా ఇలాంటి తగువులు అదే తీరుస్తుంది, ఇక్కడ మాత్రం ఇద్దరి పక్షానా నిలబడుతుంది.

మృదంగం:
షాంగోకి వాయించేది బాటా అండీ, దుందున్ కాదు. బాటాకి రెండు మూతులూ ఒకే సైజు ఉండవు. అదీ మాట్లాడుతుంది, కానీ దుందున్‌లాగా సాగదీసి కాదు, తుంపులు తుంపులుగా.

ఇబాదాన్ నుంచి:
బాటా మీదైనా ఆ నాలుగు స్వరాలు అవే కదండీ.

సభంగం:
విరిస్తే ఒక అర్థం, కలిపితే ఇంకో అర్థం. ఇది అచ్చంగా సభంగ శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయంలో కావ్యం పొడుగునా ఈ పనే చేశాడు. ఒకే పద్యాన్ని రాముడి కథగా చదువుకోవచ్చు, పాండవుల కథగానూ చదువుకోవచ్చు. ఎక్కడా ఊపిరి ఆడకుండా చేయకపోవడం ఆయన గొప్పతనం. ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మృదంగం:
సూరనకి ముందే వేములవాడ భీమకవి ఆ ప్రయోగం చేశాడని పెద్దలు చెప్పుకునేవారని సూరనే అన్నాడు. ఆ కావ్యం మనదాకా రాలేదు.

పాతప్రతి:
శ్లేషకి కవి సంకల్పం ఉండాలి. సూరన పనిగట్టుకుని పదాలు కూర్చాడు. ఓయోలో ఎవరు కూర్చారు?

అడ్డగీత:
అసలు అడగాల్సిన ప్రశ్న అదే. ఓయో రాజుని అలాఫిన్ అంటారు, కోటకి యజమాని అని. ఆయనకి ఎదురుగా ఓయో మేసీ అనే ఏడుగురి సభ, దానికి పెద్ద బాషోరున్. ఆ రోజుల్లో రాజు మీద నమ్మకం పోతే బాషోరున్ ఖాళీ సొరకాయ బుర్ర ఒకటి పంపించేవాడు, చిలక గుడ్లు అని కూడా చెబుతారు. అది చేతికందితే రాజు ప్రాణం తీసుకోవాల్సి వచ్చేది. 18వ శతాబ్దంలో గాహా అనే బాషోరున్ వరసగా కొందరు రాజుల్ని ఇలాగే సాగనంపాడు. 1774లో అలాఫిన్ అబియోదున్ కూలదోసేదాకా అతని పెత్తనమే నడిచింది. అలాంటి నగరంలో "రాజు ఉరి వేసుకోలేదు" అన్నది భక్తుల ఓదార్పు మాటగా నాకు కనిపించదు. మీరు చావమన్నా మేం చావం, పైకెళ్ళి పిడుగై దిగుతాం అని సభకి కోట చెప్పిన ఎదురు మాట అది. కొత్త అలాఫిన్‌కి కిరీటం పెట్టేది కూడా కోసోలోనే, షాంగో గుడిలో. రేపు తనని చావమనే హక్కున్న పెద్దలు ఉండగా, "ఉరి వేసుకోలేదు" అని వినిపించే చోట తల మీద కిరీటం పెట్టించుకునేవాడు. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను.

గోదారిగట్టు:
ఒళ్ళు జలదరించిందండీ. అయితే మాట ముందు పుట్టి, ఊరికి ఆ పేరు తర్వాత వచ్చిందంటారా?

ఇబాదాన్ నుంచి:
ఊరే ముందు అనడానికి ఇంకో కథ ఉంది. షాంగో తల్లి నూపే రాజు కూతురు. షాంగో అటునుంచి వచ్చి మొదట కోసోలో దిగాడని, అక్కడివాళ్ళు వద్దంటే బలవంతంగా లోబరచుకుని "ఒబా కోసో" అనిపించుకున్నాడని చెబుతారు. ఈ లెక్కన ఆ బిరుదు ఉరి కంటే ముందుది. ఇంకో సంగతి, ఇప్పటి ఓయో షాంగో ఏలిన ఓయో కాదు. పాతది బాగా ఉత్తరాన, గడ్డినేలల్లో, గుర్రపు దళంతో నాలుగు దిక్కులూ గెలిచిన రాజధాని. ఇలోరిన్ అనే పొరుగు నగరంతో యుద్ధాలు ముదిరి 1830ల్లో ఖాళీ అయిపోయింది. ఆ నేల ఇప్పుడు జాతీయవనంలో ఉంది. అలాఫిన్ అతీబా దక్షిణాన కొత్త ఓయోని పాతదాని నమూనాలోనే నిలబెట్టాడు. కోసో పేరూ వెంట వచ్చింది.

పాతప్రతి:
చూశారా, అది నేలని అంటిపెట్టుకున్న పేరు కాదు. నా వాదానికే బలం.

సభంగం:
కట్టుబట్టలతో ఊరొదిలి వచ్చినవాళ్ళు పాత ఊరి పేరు పెట్టుకోరా? అది రెండు వైపులా పనికొచ్చే సాక్ష్యం.

రంగస్థలం:
ఇంతసేపూ డూరో లాడిపో పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ! ఓషోగ్బోలో పుట్టిన ఆ మహానుభావుడు ఈ కథని యొరుబాలోనే సంగీత నాటకంగా కట్టాడు, 1964లో బెర్లిన్‌లో ఆడించాడు. షాంగో వేషం తనే వేశాడు, తన భార్య అబియోదున్ షాంగో భార్య ఓయా వేషం వేసింది. తిమీ, గ్బొంకా అనే ఇద్దరు సేనానుల్ని ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పిన రాజు చివరికి ఊరినే పోగొట్టుకుంటాడు. నాటకం పేరు మూడు ముక్కలుగా విడదీసి రాశాడు: ఒబా కో సో. నాకు ఆ పదవిభాగం చాలు.

అడ్డగీత:
లాడిపో రాసింది కాగితం మీద. క్యూబాకి, బ్రెజిల్‌కి బానిసలుగా వెళ్ళిన యొరుబాల నోట ఇదే మాట సముద్రం దాటింది. ఓయో కుప్పకూలుతున్న రోజుల్లోనే చాలామందిని పట్టి అమ్మేశారు. క్యూబాలో షాంగో భక్తులు ఇప్పటికీ "కబియోసీలే" అంటారు, "ఒబా కోసో" అంటారు. స్పానిష్ మధ్యలో ఆ స్వరాలు నిలవలేదు, మాట నిలిచింది.

ఇబాదాన్ నుంచి:
ఓయోలో షాంగో పండుగ ఆగస్టులో జరుగుతుంది. 2023లో యునెస్కో జాబితాలో చేర్చింది దాన్నే. ఈసారి వెళ్ళి, విడదీసి అంటారా కలిపి అంటారా అని షాంగో పూజారి మొగ్బానే అడుగుతాను.

పాతప్రతి:
అలా అడిగితే మీకోసం నింపాదిగా విడదీసే చెబుతారు. ఏమీ అడక్కండి. ఉరుము ఉరిమినప్పుడు పక్కనుండి వినండి.