క్లారియన్ ఏంజెల్ కొనమంటున్నారు, ఏంజెల్ పిల్లలు తీయాలని కూడా ఉంది, సలహా కావాలి

ఉప్పునీళ్లు (కూకట్‌పల్లి):

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా సముద్రపు చేపలు పెంచుతున్నాను. 4 అడుగుల ట్యాంకు, దాని కిందుండే ఫిల్టర్ తొట్టి సంప్‌తో కలిపి 400 లీటర్ల దాకా నీళ్లు, నీళ్లలోని మురికి లాగే స్కిమ్మర్, నీళ్లు చల్లబరిచే చిల్లర్, కరెంటు పోతే ఇన్వర్టర్, అన్నీ ఉన్నాయి. మా బోరు నీళ్లు అసలు పనికిరావు కాబట్టి ఆర్ఓ పెట్టి, దాని తర్వాత మిగిలిన లవణాలు తీసే డీఐ ఫిల్టర్ కూడా పెట్టాను. పోయినేడాది క్లౌన్ చేపల జంట గుడ్లు పెడితే, మేతకి రోటిఫర్లు (కంటికి సరిగ్గా కనపడనంత చిన్న నీటి జీవులు) పెంచి 60 పిల్లల్ని నిలబెట్టాను. అప్పటినుంచి మనసంతా ఏంజెల్ చేపల మీదే ఉంది. కోరల్ బ్యూటీ అనే చిన్న జాతి ఏంజెల్ ఒకటి 14 నెలలుగా ఒంటరిగా ఉంది, నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క పట్టుకుంటే నా వేళ్ల మధ్యలోంచే లాక్కుని తింటుంది.

విషయం ఏంటంటే, తెలిసిన డీలర్ ఒకతను క్లారియన్ ఏంజెల్ పిల్ల వచ్చిందని ఫోటో పంపాడు. వేలెడంత ఉంది, నారింజ రంగు ఒంటి మీద సన్నటి నీలం గీతలు. అతను చెప్పిన ధరకి మంచి బైక్ వస్తుంది. కాగితాలు అడిగితే "చేపకి కాగితాలేంటి సార్" అన్నాడు, శనివారం లోపు తేల్చమంటున్నాడు. ఆ ఫోటో చూసినప్పటి నుంచి సరిగ్గా నిద్రపట్టట్లేదు. కొనొచ్చా? నా ట్యాంకులో ఉంటుందా? అలాగే క్లౌన్ పిల్లలు తీసినట్టే ఏంజెల్స్‌తో కూడా ఇంట్లో కుదురుతుందా? ఎవరైనా చేసినవాళ్లుంటే వివరంగా చెప్పండి.

రుషికొండ:

ముందు శనివారం సంగతి తేల్చేద్దామండీ. కొనకండి.

క్లారియన్ ఏంజెల్‌ది మెక్సికోకి పడమటగా పసిఫిక్‌లో ఉన్న రెవియాహిహేదో దీవుల చుట్టూ ఉండే చిన్న ప్రపంచం. అక్కడికి పెద్ద మాంటా రేలు వస్తే ఈ చేపలు గుంపుగా చేరి వాటి ఒంటి మీది పురుగుల్ని ఏరి తింటాయి. ఇంత చిన్న చోట బతికే చేపని ఎడాపెడా పడితే మిగలదని 2016లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) సమావేశంలో దీన్ని రెండో అనుబంధంలో చేర్చారు. అంటే దేశం దాటే ప్రతి చేపకీ పర్మిట్ ఉండాలి. బాలిలో ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన క్లారియన్ పిల్లలు కూడా మార్కెట్లోకి వచ్చాయి, నాకూ అవంటే చాలా ఇష్టం, కానీ వాటికైనా కాగితం ఉండాల్సిందే. మన దగ్గర 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, 2024లో నిబంధనలు వచ్చాయి. సైటీస్ జాబితాలో ఉన్న జీవి ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, దానికి పిల్లలు పుట్టినా చెప్పాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చేపకి మీరు ఏమని రాస్తారు? "చేపకి కాగితాలేంటి" అన్న మాటతోనే మీకు జవాబు దొరికింది.

ఇంకోటి, అది పెద్దదైతే 20 సెంటీమీటర్ల దాకా వస్తుంది, గొడవపడే స్వభావం కూడా. మీ 4 అడుగుల ట్యాంకులో రెండేళ్లు బాగుంటుందేమో, ఆ తర్వాత మీ కోరల్ బ్యూటీని బతకనివ్వదు.

నేను రొయ్యల హేచరీలో పనిచేస్తాను, చేపలు ఎలా వస్తాయో రోజూ చూస్తుంటాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ దింపిన ట్రేలో, వెండి చేపల కింద, ఒక రింగ్ ఏంజెల్ కనిపించింది. గోధుమరంగు ఒళ్లు, దాని మీద వంపు తిరిగిన నీలం గీతలు, భుజం దగ్గర గుండ్రటి ఉంగరం. మొప్పలు ఇంకా కదులుతున్నాయి. బకెట్‌లో ఇంటికి తెచ్చాను. లోతులోంచి ఒక్కసారిగా పైకి లాగేశారు కదా, లోపల గాలితిత్తి ఉబ్బి, తల కిందికి పెట్టి తోక పైకి తేలుతూనే ఉంది, ఈదాలని ఎంత ప్రయత్నించినా కిందికి దిగలేకపోయింది. ఆరో రోజు పోయింది. అప్పటి నుంచి ఏ చేప చూసినా నేను ముందు అడిగేది ఒకటే, ఎవరు పట్టారు, ఎంత లోతులో, ఎలా పట్టారు? ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చేవాటిలో సయనైడ్ మందు కొట్టి పట్టినవి ఇప్పటికీ ఉంటాయి. పైకి మెరుస్తూనే ఉంటాయి, తిండి కూడా తింటాయి, కొన్ని వారాల్లో కారణం తెలియకుండా పోతాయి.

కాబట్టి మీ చేతిలో ఉన్న కోరల్ బ్యూటీతోనే మొదలుపెట్టండి. పిల్లలు తీయడం గురించి డల్లాస్ గారు చెప్తే బాగుంటుంది, ఆయన చేశారు.

డల్లాస్ నుంచి:

రుషికొండ గారు చెప్పినదానికి నేను కలపడానికేం లేదు, పిల్లల సంగతికి వస్తాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి తమ్ముడూ.

నా దగ్గర ఫ్లేమ్ ఏంజెల్ జంట ఆరేళ్లుగా ఉంది. జంట కట్టడం పెద్ద కష్టం కాదు. ఫ్లేమ్, కోరల్ బ్యూటీ లాంటి మరగుజ్జు (చిన్న జాతి) ఏంజెల్స్ అన్నీ మొదట ఆడవే, గుంపులో పెద్దది మగగా మారుతుంది. మీ కోరల్ బ్యూటీ ఇన్నాళ్లూ ఒంటరిగా పెత్తనం చేసింది కాబట్టి దానికంటే బాగా చిన్నదాన్ని తేవాలి, సమానంగా ఉన్నదాన్ని మాత్రం తేవద్దు. చిల్లులున్న అక్రిలిక్ పెట్టెలో ఆ చిన్నదాన్ని రెండు వారాలు అదే ట్యాంకులో వేలాడదీయండి. పెద్దది వచ్చి పెట్టె మీద దాడిచేయడం మానేసి, పక్కనే తిరుగుతూ మేత మేస్తోందంటే వదలొచ్చు. కుదురుకున్న జంటకి రోజూ రెండు మూడుసార్లు మంచి మేత పడితే గుడ్లు వాటంతట అవే వస్తాయి.

లైట్లు తగ్గే వేళ చూడాలి వాటిని. మగది రెక్కలన్నీ విప్పుకుని ఆడదాని ముందు వణుకుతూ ఈదుతుంది, తర్వాత దాని కిందకి చేరి పొట్టకి మూతి ఆనించి మెల్లగా పైకి తోస్తుంది. రెండూ అలా నీటి పైభాగం దాకా లేచి, ఒక్క క్షణంలో గుడ్లు వదిలేసి రాళ్లలోకి దూరిపోతాయి. అందుకే ట్యాంకు ఎత్తు ముఖ్యం, కనీసం రెండడుగుల లోతు ఉంటే నయం. క్లౌన్ గుడ్లలాగా ఇవి రాయికి అంటుకోవు, నీళ్ల మీద తేలతాయి. ఒక్కోటి 0.7 మిల్లీమీటర్లు, గాజుపూసలాగా ఉంటుంది, టార్చి పక్కనుంచి కొడితే తప్ప కనపడదు. పైనీళ్లు మెల్లగా పొంగి ఒక వలగిన్నెలోకి పడేట్టు ఏర్పాటు చేసుకుంటే పొద్దునకి చేరి ఉంటాయి. 26, 27 డిగ్రీల దగ్గర 16 గంటల అటూ ఇటూగా పొదిగేస్తాయి.

ఇక్కడి దాకా నూటికి తొంభైమంది చేరగలరు. అసలు ప్రశ్న మూడో రోజున వస్తుంది. పుట్టినప్పుడు ఆ పిల్లకి కళ్లు నల్లబడి ఉండవు, నోరు ఉండదు, పొట్టకి ఉన్న సొన తింటూ వేలాడుతుంటుంది. మూడో రోజుకి కళ్లు నల్లబడతాయి, నోరు తెరుచుకుంటుంది, సొన అయిపోతుంది. ఆ గంటలో దాని ముందు తగిన మేత ఉండాలి. మీరు క్లౌన్లకి పెట్టిన రోటిఫర్ దాని నోట్లో పట్టదు. దానికి కావలసింది కోపిపాడ్ (రొయ్యలాంటి చాలా చిన్న నీటి జీవి) పిల్లలు, అందులోనూ పార్వోకెలానస్ అనే చిన్న జాతివి, 40 నుంచి 60 మైక్రాన్ల వెడల్పు ఉండేవి. మరగుజ్జు ఏంజెల్స్ పిల్లలు తీయడం అన్నేళ్లు దాదాపు ఎవరికీ కుదరకపోవడానికి ముఖ్య కారణం ఇదే. 2000ల మొదట్లో హవాయిలో ఫ్రాంక్ బేన్ష్ అనే చేపల పెంపకందారు సముద్రంలోంచి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) వడకట్టి తెచ్చి పెట్టి మరగుజ్జు ఏంజెల్స్‌ని పెంచి చూపించాడు, అక్కడే ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు పార్వోకెలానస్‌ని ట్యాంకుల్లో పెంచే పద్ధతి మీద పనిచేశారు. దాని తర్వాతే దారి తెరుచుకుంది. తర్వాత కేరెన్ బ్రిటెన్ అనే ఇంకో పెంపకందారు హవాయిలో మాత్రమే ఉండే మాస్క్‌డ్ ఏంజెల్ పిల్లల్ని కూడా తీసింది.

నా లెక్క చెప్తాను. రెండేళ్లలో 11 సార్లు ప్రయత్నించాను. మొదటి ఐదూ నాలుగో రోజు, ఐదో రోజు దాటలేదు. ఆరోసారి 12వ రోజుకి 200 దాకా ఉన్నాయి, తోక దగ్గర వెన్ను పైకి వంగడం (చేప ఆకారానికి వస్తున్నాయనడానికి గుర్తు) మొదలైంది, నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. మర్నాడు పొద్దున మైక్రోస్కోప్‌లో చూస్తే నా కోపిపాడ్ డ్రమ్ము నిండా రోటిఫర్లు. పక్కగదిలో క్లౌన్ల కోసం పెంచుతున్న వాటిలోంచి ఒక్క చుక్క, ఏ మగ్గు ద్వారానో వచ్చింది. అవి కోపిపాడ్‌ల మేతైన ఆల్గే (సూక్ష్మ నాచు) మొత్తం తినేసి కోపిపాడ్‌లని తొక్కేశాయి. మూడు రోజుల్లో పిల్లలన్నీ పోయాయి. తొమ్మిదోసారి 4 పిల్లలు 58వ రోజుకి ఎర్రరంగు తెచ్చుకుని రాళ్లలోకి దిగాయి. వాటిలో రెండు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

అందుకని మీకు చెప్పేది, చేపని కొనడానికి ముందు ఆరు నెలలు కోపిపాడ్లని పెంచండి. ఆరు నెలలు అవి పడిపోకుండా నిలిచాయంటే అప్పుడు జంట కట్టండి. మీ ఇంట్లో ఇప్పటికే రోటిఫర్లు ఉన్నాయంటున్నారు, అది నాకు టెన్షన్ పెడుతోంది. వేరే గది, వేరే పైపులు, వేరే మగ్గులు, కోపిపాడ్ల పని ముందు చేసి రోటిఫర్ల పని తర్వాత చేయడం, ఇందులో ఒక్కరోజు కూడా మినహాయింపు వద్దు.

నెల్లూరు పాతకాపు:

అందరూ బాగా చెప్పారు, కానీ క్వారంటైన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ చిన్న చేపని తేగానే పెట్టెలో పెట్టి అదే ట్యాంకులో వేలాడదీయడానికి నేను ఒప్పుకోను. నీళ్లు ఒకటే కదా డల్లాస్ గారూ. 2019లో ఇలాగే తొందరపడి ఒక కొత్త చేపని దింపితే వెల్వెట్ అనే జబ్బు వచ్చి ఐదు రోజుల్లో 9 చేపలు పోయాయి, అందులో ఆరేళ్లు నా చేతుల్లో పెరిగిన ఎంపరర్ ఏంజెల్ ఉంది. బిళ్లంత పిల్లగా వచ్చింది, నల్లటి నీలం మీద తెల్లటి వలయాలు, నా కళ్లముందే ఆ వలయాలు పోయి పసుపు గీతలు వచ్చాయి. దాని గురించి రాయాలంటే ఇప్పటికీ కష్టంగా ఉంది.

కనీసం 45 రోజులు వేరే ట్యాంకులో ఉంచండి. మరగుజ్జు ఏంజెల్స్‌కి వెల్వెట్‌కి వాడే రాగి మందు సరిగ్గా పడదు, మోతాదు ఒకేరోజు ఎక్కించకుండా నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచాలి, టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి. ఫ్లూక్స్ (ఒంటికి, మొప్పలకి పట్టే పురుగులు) కోసం ప్రాజిక్వాంటెల్ మందు రెండుసార్లు. తర్వాతే పెట్టె, తర్వాతే జంట.

డల్లాస్ నుంచి:

మీరన్నది నిజం పాతకాపు గారూ, క్వారంటైన్ అయ్యాకే పెట్టె. నేను రాయకపోవడం తప్పే.

ఉప్పునీళ్లు (కూకట్‌పల్లి):

అందరికీ చాలా థాంక్స్. డీలర్‌కి వద్దని చెప్పేశాను. ఇంకెవరికో అమ్మేస్తానన్నాడు, ఆ పిల్ల ఎక్కడికి పోతుందో అని బాధగా ఉంది, కానీ కొంటే ఇంకోటి తెస్తాడని అర్థమైంది.

రోటిఫర్ సంగతి చదివి నిన్న రాత్రే ఆ బకెట్లన్నీ బాల్కనీలోకి మార్చాను. ఇప్పుడు కోపిపాడ్లు ఎక్కడ దొరుకుతాయి? వాటికి పెట్టే ఆల్గే? పొడి రూపంలో దొరికే ఆల్గే సరిపోతుందా?

రుషికొండ:

పొడి వద్దు. కోపిపాడ్‌కి బతికున్న ఆల్గేనే కావాలి, నీళ్లలో మునిగి కుళ్లే పొడితో మీ డ్రమ్ము వారంలో పాడైపోతుంది. కోపిపాడ్ల స్టాకు కేరళలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ల విళింజం కేంద్రంలో ఉంది, అక్కడికి ఉత్తరం రాసి అడగండి, ఎందుకు కావాలో, ఎలా పెంచుతారో వివరంగా రాయండి.

ఆల్గే విషయంలో మాత్రం మీరు అదృష్టవంతులు. భీమిలి నుంచి నెల్లూరు దాకా రొయ్యల హేచరీలున్న ఊళ్లలో ఆల్గే ల్యాబ్ లేనిది దాదాపు ఉండదు, రొయ్య పిల్లకి కీటోసెరాస్ అనే ఆల్గే పెట్టకుండా హేచరీ నడవదు. మా దగ్గర కీటోసెరాస్ టన్నుల్లో ఉంటుంది, ఐసోక్రైసిస్ అనే ఇంకో ఆల్గేని మాత్రం చిన్న ఫ్లాస్కుల్లో నిలబెట్టుకుంటాం, మీకు కావలసింది అదే. మా మేనేజర్ గారిని అడిగాను, వచ్చి ఒకరోజంతా ల్యాబ్‌లో కూర్చుని చూడమన్నారు. ఫ్లాస్కు మూతి మంట మీద ఎలా చూపిస్తారో, ఒక ఫ్లాస్కులోంచి ఇంకోదాంట్లోకి ఎలా మారుస్తారో కళ్లతో చూస్తేనే వస్తుంది. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు నెలకోసారి మా దగ్గరికి మళ్లీ కొత్త స్టాకు కోసం వస్తుంటారు.

ఉప్పునీళ్లు (కూకట్‌పల్లి):

మేడం, ఇంతకంటే ఏం కావాలి. శనివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఏసీలో టికెట్ బుక్ చేశాను, ఆదివారం పొద్దున మీ దగ్గరుంటాను. లీటర్ సీసాలు రెండు తెస్తున్నాను, చాలా?

డల్లాస్ నుంచి:

లీటర్ సీసాల్లో సగమే నింపించుకోండి, పైన గాలి ఉండాలి. మూత బిగించొద్దు, దూది పెట్టి వదులుగా ఉంచండి. తిరుగు ప్రయాణంలో రెండు మూడు గంటలకోసారి మెల్లగా తిప్పండి, అడుగున పేరుకుంటే చచ్చిపోతుంది. ఇంటికి చేరగానే మొత్తం ఒకే డ్రమ్ములో పోయకుండా నాలుగు చిన్న సీసాల్లో వేరువేరుగా మొదలుపెట్టండి, ఒకటి పోయినా మూడు మిగులుతాయి. మొదటి వారం ఫోటోలు ఇక్కడే పెట్టండి, రంగు చూసి చెప్తాను.