సోర్బీ బ్రిడ్జ్ నుంచి లీడ్స్‌కి న్యారోబోటులో వారం రోజులు: పెద్దవాళ్ళతో కుదిరే పనేనా?

లీడ్స్ కోడలు:
అందరికీ నమస్కారమండి. మే నెలలో మా అత్తయ్య, మావయ్యగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. లండన్, ఎడిన్‌బరా కిందటిసారే చూపించేశాం. మావయ్యగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, సర్వీసంతా ధవళేశ్వరం చుట్టుపక్కల కాలవల మీదే. "మీ ఊరి దగ్గర కాలవల్లో ఇప్పటికీ పడవలు తిరుగుతాయటగా, లాకులు పనిచేస్తున్నాయటగా" అని ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. (లాకులంటే నీళ్ళు నింపీ తీసీ పడవని ఎక్కించి దించే, తలుపులున్న తొట్లు.)

అందుకని మావారు ఒక ప్లాను వేశారు. సోర్బీ బ్రిడ్జ్‌లో న్యారోబోటు (లోపలే వంటా పడకా ఉండే, సన్నటి పొడుగాటి కాలవ పడవ) వారానికి అద్దెకి తీసుకుని, కాల్డర్ లోయలో దిగి, వేక్‌ఫీల్డ్, క్యాసిల్‌ఫర్డ్ మీదుగా లీడ్స్ దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి అప్పజెప్పడం. శనివారం మధ్యాహ్నం ఎక్కి, పై శనివారం పొద్దున్నే దిగాలి. మొత్తం ఐదుగురం: వాళ్ళిద్దరు, మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పాప. మాలో ఎవరూ పడవ నడిపినవాళ్ళం కాదు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు.

వారంలో వెళ్ళి రాగలమా? 57 అడుగుల బోటు ఇస్తామన్నారు, ఇంకో చోట 65 అడుగులది ఉంది, ఏది మంచిది? వంట సంగతేమిటి? నది అనేసరికి నాకు కొంచెం బెరుగ్గా ఉంది, అది అనవసరమైన భయమా?

మిల్టన్ కీన్స్ మామయ్య:
శుభ్రంగా వెళ్ళండమ్మా. లైసెన్సు అక్కర్లేదు, ఎక్కే ముందు గంటసేపు వాళ్ళే నేర్పుతారు. మేం ఆక్స్‌ఫర్డ్ కెనాల్ మీద వెళ్ళాం. గట్టు మీద కుక్కని తిప్పేవాళ్ళు మమ్మల్ని దాటుకుని పోయేవాళ్ళు, అంత నిదానం. దిగులు పడాల్సిందేం లేదు.

గట్టుమీద:
పై పెద్దాయన చెప్పింది ఆక్స్‌ఫర్డ్ కాలవకి అక్షరాలా నిజం. ఇది సగం కాలవ, సగం నది. ఈ దారిలో నేను మూడుసార్లు వెళ్ళాను, ఒకసారి మధ్యలోనే వెనక్కి తిరిగాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. కొత్తవాళ్ళయితే మైళ్ళు, లాకులు కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. సోర్బీ బ్రిడ్జ్ నుంచి వేక్‌ఫీల్డ్ దాకా కాల్డర్ అండ్ హెబుల్ నేవిగేషన్ అనే పడవల దారి 21 మైళ్ళు, పాతిక పైచిలుకు లాకులు. అంటే 16 గంటలు. వేక్‌ఫీల్డ్ నుంచి క్యాసిల్‌ఫర్డ్‌కి ఏడున్నర మైళ్ళు, ఐదు లాకులు, ఓ నాలుగు గంటలు. అక్కణ్ణుంచి లీడ్స్ పది మైళ్ళు, మరో ఐదు లాకులు, ఇంకో ఐదు గంటలు. పోవడానికే 25, రావడానికి 25. మీ చేతిలో ఉన్న నిండు రోజులు ఆరు. రోజుకి ఎనిమిది గంటలు దాటిపోతుంది, అదీ ఒక్క చినుకు పడకుండా, ఏ లాకూ చెడిపోకుండా ఉంటే. అది విహారం కాదు, ఉద్యోగం.

కాబట్టి లీడ్స్ వదిలేయండి. మీరుండేదే లీడ్స్‌లో కదా, సొంతూరికి పడవేసుకుని రావడమెందుకు! క్యాసిల్‌ఫర్డ్‌లో తిరిగిపోండి. అప్పుడు రోజుకి ఆరున్నర గంటల పైన పడుతుంది. తేలిక అనను గానీ అవుతుంది. గురువారం పొద్దుటికల్లా మీ బోటు ముక్కు సోర్బీ బ్రిడ్జ్ వైపు తిరిగి, వేక్‌ఫీల్డ్ దాటి పైకి వస్తూండాలి. అలా లేకపోతే ఎక్కడున్నా సరే అక్కడే తిప్పేయండి.

బోటు పొడవు గురించి వేరే ఆలోచన పెట్టుకోకండి, 57 అడుగులదే. కాల్డర్ అండ్ హెబుల్ లాకులు 57 అడుగుల 6 అంగుళాల లెక్కన కట్టినవి. వెడల్పు 14 అడుగులు ఉంటుంది కాబట్టి బాగా అనుభవం ఉన్నవాళ్ళు కొంచెం పొడుగు బోట్లని ఐమూలగా ఇరికిస్తారు. 65 అడుగులది మాత్రం ఎలా పెట్టినా పట్టదు. హాలిఫాక్స్ కింద సాల్టర్‌హెబుల్‌లో మధ్య లాకు అన్నిటికన్నా పొట్టిది, మొదటి రోజే తగులుతుంది.

ఇక నది. ఈ దారిలో కాసేపు తవ్విన కాలవ, కాసేపు కాల్డర్ నది, మళ్ళీ కాలవ. పెన్నైన్ కొండల మీద రాత్రి వాన పడితే తెల్లారేసరికి కాల్డర్ పొంగుతుంది. మీరున్నచోట ఎండ కాస్తున్నా సరే, పైన పడింది మీ దగ్గరికి వచ్చి తీరుతుంది. 2015 క్రిస్మస్ మర్నాడు ఈ లోయంతా మునిగిపోయింది, ఎల్లండ్ వంతెన కూలిపోయింది. మేలో అంత రాదనుకోండి. కాలవ నదిలో కలిసేచోట నీటిమట్టం పలకలుంటాయి. నీళ్ళు ఆకుపచ్చ పట్టీలో ఉంటే వెళ్ళొచ్చు. పసుపులో ఉంటే కొత్తవాళ్ళు కట్టేసుకుని టీ పెట్టుకోవడమే. ఎరుపయితే ఎవరూ కదలరు. నేను వెనక్కి తిరిగానన్నది పసుపు చూసే. ఆ రోజు నా వెనకే ఒకాయన నవ్వుతూ దాటి వెళ్ళాడు. ఆయనకేం కాలేదు. అయినా మళ్ళీ పసుపు కనబడితే నేను ఆగుతాను.

నది ముక్కల్లో అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, పాపకి సైజు సరిపోయిందో లేదో బోటు అద్దెకిచ్చే చోటే తొడిగి చూడండి. లంగరు ముందు భాగంలో, గొలుసూ మోకూ కట్టి సిద్ధంగా ఉందా అని అడగండి. ఇంజను ఆగిపోతే వియర్ వైపు కొట్టుకుపోకుండా ఆపేది అదొక్కటే. వియర్ అంటే మన ఆనకట్ట లాంటిదే, నీళ్ళు పైనుంచి పొర్లి దూకుతాయి.

క్యాసిల్‌ఫర్డ్ జంక్షన్ బాగా గుర్తుపెట్టుకోండి. వేక్‌ఫీల్డ్ నుంచి వస్తుంటే కాల్డర్ వెళ్ళి ఏర్ నదిలో కలుస్తుంది. ఎడమకి లీడ్స్. నేరుగా ఎదురుగా ఫ్లడ్ లాకు (నది పొంగు కాలవలోకి రాకుండా ఆపే లాకు), అది దాటితే కట్టేసుకునే చోటు. కుడిపక్కకి వెడల్పుగా, ప్రశాంతంగా, రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. వియర్ అటే ఉంది. కుడికి తిరగకూడదు.

లీడ్స్ కోడలు:
గట్టుమీద గారూ, చాలా థాంక్సండి. మావారికి చదివి వినిపించాను. లీడ్స్ వదులుకోవడానికి ఒక పూట అలిగారు, తర్వాత క్యాలెండర్ తీసి మీ లెక్క సరిచూసుకుని ఊరుకున్నారు. మావయ్యగారు మాత్రం ఒక్కటే అడగమన్నారు: "మా లాకుల దగ్గర లస్కరుంటాడు. అక్కడ తలుపులెవరు తీస్తారు?"

గట్టుమీద:
లస్కరు మీరేనని చెప్పండి మావయ్యగారికి.

కాల్డర్ అండ్ హెబుల్‌లో అంతా చేతిపనే. విండ్‌లాస్ అని ఎల్ ఆకారంలో ఇనప పిడి ఇస్తారు, దాంతో షట్టర్లు ఎత్తాలి, వాటిని ఇక్కడ పాడిల్స్ అంటారు. కొన్ని లాకుల్లో విండ్‌లాస్ పనిచేయదు. చక్రానికి కన్నాలుంటాయి, వాటిలో హ్యాండ్‌స్పైక్ అనే చెక్క దుంగ దూర్చి మీటాలి. ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి ఒక్క ఈ కాలవకే మిగిలిందంటారు. వేక్‌ఫీల్డ్ దాటి ఏర్ అండ్ కాల్డర్ అనే తర్వాతి పడవల దారిలోకి దిగాక కథ మారిపోతుంది. దాదాపు 60 మీటర్ల పొడవు లాకులు, వందల టన్నుల బార్జీల కోసం కట్టినవి. తాళంచెవి పెట్టి బటన్లు నొక్కడమే. లైటు ఎర్రగా ఉంటే ఆగాలి, పచ్చగా ఉంటే వెళ్ళాలి, కాషాయం రంగులో ఉంటే కీపరు లేడు, మీరే నడుపుకోండని అర్థం. అంత పెద్ద తొట్టిలో మీ బోటు అగ్గిపెట్టెలా ఉంటుంది. నీళ్ళు నింపేటప్పుడు తాడు స్తంభానికి ఒక చుట్టు వేసి చేత్తో పట్టుకోండి, ముడి మాత్రం వేయొద్దు. దిగేటప్పుడు ముడి ఉంటే బోటు తాడుకి వేలాడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది గడప. పై తలుపుల అడుగున రాతి గడప ఉంటుంది, సిల్ అంటారు. లాకు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. కిందికి దిగేటప్పుడు బోటు వెనక భాగం దాని మీద ఉండిపోతే, నీళ్ళు తగ్గుతున్నకొద్దీ వెనక పైనే ఆగిపోయి ముందు భాగం మునుగుతుంది. నా మొదటి ట్రిప్పులో ఇదే జరిగింది. నేను గట్టు మీద నిలబడి ఫోటో తీస్తున్నాను, చుక్కాని దగ్గర మా బావమరిది కబుర్లలో ఉన్నాడు. లోపల గిన్నెలు జారిన చప్పుడు విని చూస్తే బోటు ఏటవాలుగా ఉంది. పక్క బోటామె పరిగెత్తుకొచ్చి కింది షట్టర్లు మూసేసి, పైవి కొద్దికొద్దిగా ఎత్తి మళ్ళీ నింపింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే నేనిలా రాస్తూ ఉండేవాణ్ణి కాదు. లాకు గోడ మీద తెల్ల గీత ఉంటుంది, చుక్కాని ఆ గీతకి ముందే ఉండాలి. ఆ గీత మీద కళ్ళు పెట్టే పని మావయ్యగారికి అప్పగించండి. జీవితమంతా చేసిన పని, ఫోటోల యావ ఉండదు.

వేక్‌ఫీల్డ్ డాక్టరు:
రెండు విషయాలు చెప్పి వెళ్తాను, డ్యూటీలో ఉన్నాను. ఒకటి, మనవాళ్ళకి మేలో కూడా ఇక్కడ చలి. బోటు తలుపులకి, కప్పుకి ఉన్న గాలి కన్నాల్లో రాత్రి తువ్వాళ్ళు కుక్కుతారు. అస్సలు కుక్కనివ్వొద్దు. లోపల గ్యాసు స్టవ్వు, కొన్నిట్లో బొగ్గు పొయ్యి కూడా ఉంటాయి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి. రెండోది, నది నీళ్ళు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఎలకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఈ నీళ్ళతోనే అంటుతుంది. చేతి మీద గీరుకుపోతే ప్లాస్టర్ వేసుకున్నాకే తాళ్ళు పట్టుకోవాలి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే నదిలో తిరిగామని డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి: లోపలికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగమనండి. రోజుకి రెండుసార్ల కన్నా ఎక్కించి దించకండి. బ్రిగ్‌హౌస్, మిర్‌ఫీల్డ్, వేక్‌ఫీల్డ్, క్యాసిల్‌ఫర్డ్ అన్నిచోట్లా రైల్వే స్టేషన్లున్నాయి. అలసిపోతే మధ్యలో ఇంటికి పంపేయొచ్చు.

కడియం పిల్ల:
వంట నేను చెప్తానక్కా. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, మిక్సీ ఇంట్లోనే వదిలేయండి, బోటు బ్యాటరీలు వాటిని మోయలేవు. గ్యాసు స్టవ్వు మన ఇంట్లో లాంటిదే. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు, ఒక మందపాటి మూకుడు పట్టుకెళ్ళండి. కొబ్బరి పొడి, చింతపండు గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద ముందే చేసి పెట్టుకోండి. తాలింపు మాత్రం తలుపులు తీసి వేయండి, మాకు ఎండుమిరపకాయల ఘాటుకి పొగ అలారం మోగి పక్క బోటువాళ్ళు లేచి వచ్చారు.

నీళ్ళ ట్యాంకు మీద కన్నేసి ఉంచండి. మన స్నానాలకి, గిన్నెలకి రోజూ నింపుకోవాల్సిందే, నీళ్ళ పంపు కనబడ్డ ప్రతిచోటా ఆగండి. టాయిలెట్ క్యాసెట్ రకమా (చేత్తో తీసే డబ్బా), పంప్ అవుట్ రకమా (ట్యాంకుని పంపుతో లాగేసేది) అని బుక్ చేసే ముందే అడగండి. క్యాసెట్ అయితే రెండు రోజులకోసారి ఎవరో ఒకరు మోసుకెళ్ళి ఒంపాలి. ఆ ఒకరెవరో కూడా ముందే తేల్చుకోండి.

గట్టుమీద:
ఇంకో మాట. ఊళ్ళ పక్కన నీళ్ళలో ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు ఉంటాయి, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే బోటు వణుకుతుంది, ముందుకి సాగదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, ఆ తర్వాతే వెనకాల వీడ్ హ్యాచ్ మూత తీసి చేత్తో లాగేయండి. మూత మళ్ళీ గట్టిగా బిగించాకే ఇంజను వేయాలి. లేకపోతే బోటు నిండా నీళ్ళు వస్తాయి.

మావయ్యగారికి చూపించాల్సినవి: బ్రిగ్‌హౌస్‌లో పిండిమిల్లు సైలోలు ఇప్పుడు గోడలెక్కే ఆటకి వాడుతున్నారు. స్టాన్లీ ఫెర్రీ దగ్గర ఒక పూట ఆగండి. అక్కడ 1839లో కట్టిన అక్విడక్టు ఉంది. ఇనప తోరణాల నుంచి తొట్టిని వేలాడదీసి, కాల్డర్ నది మీదుగా కాలవని దాటించారు. కింద నది, పైన కాలవ, కాలవలో మీ బోటు. గన్నవరం అక్విడక్టు చూసిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. పక్కనే లాకు తలుపులు తయారుచేసే వర్క్‌షాపు ఉంది. ఓక్ దూలాలతో అచ్చం పాత పద్ధతిలోనే చేస్తారు. ఈ నీళ్ళ మీదే 1860ల నుంచి 1980ల దాకా టామ్ పుడింగ్స్ అనే ఇనప తొట్టి పడవలు రైలు పెట్టెల్లా వరసగా కట్టుకుని బొగ్గు మోశాయి. గూల్ రేవులో ఒక్కో తొట్టినీ ఎత్తి ఓడలోకి బోర్లించేవారు. ఇప్పుడు గనులు లేవు, బొగ్గూ లేదు, నీళ్ళ పక్కన చెట్లు పెరిగాయి. అక్కడక్కడా గోడౌన్ గోడలు కనిపిస్తాయి.

బయల్దేరే వారం ముందు, మళ్ళీ ముందురోజు, ఈ కాలవల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో స్టాపేజీ నోటీసులు చూడండి. ఒక్క లాకు మరమ్మతుకి మూసినా దారి అక్కడితో ఆగిపోతుంది.

లీడ్స్ కోడలు:
57 అడుగులదే బుక్ చేశామండి, పంప్ అవుట్ టాయిలెట్‌తో. మంగళవారం రాత్రికి స్టాన్లీ ఫెర్రీ, బుధవారం క్యాసిల్‌ఫర్డ్ వెళ్ళి అదే రోజు సాయంత్రానికి వేక్‌ఫీల్డ్ చేరడం, అని రాసుకున్నాం. పసుపు కనబడితే ఆగిపోతామని మావారి చేత పాప మీద ఒట్టు వేయించాను. మావయ్యగారిది చివరి ప్రశ్న: ఆ హ్యాండ్‌స్పైక్ దుంగ కొలతలు చెప్తే రాజమండ్రిలో టేకుతో చేయించి తెస్తారట!

గట్టుమీద:
విమానంలో దుంగలొద్దని చెప్పండి! బోటులోనే ఇస్తారు. తాళం చేతికొచ్చేముందు మాత్రం మీరే లెక్క చూసుకోండి: విండ్‌లాస్‌లు రెండు, హ్యాండ్‌స్పైక్ ఒకటి, లాకుల తాళంచెవికి నీళ్ళలో తేలే బెండు బిళ్ళ.