యాక్సెంట్ మీద మాటలు, తర్వాత పిప్, తర్వాత టెర్మినేషన్: కేసు నిలబడుతుందా?

ప్రశ్న (అట్లాంటా): అందరికీ నమస్కారం. హెచ్1బి మీద కొత్తగా వచ్చాను, బ్యాకెండ్ డెవలపర్‌ని. "నీ ఇంగ్లీషు ఎవరికీ అర్థం కావట్లేదు" అని మేనేజర్ రెండుసార్లు అన్నాడు. తర్వాత పిప్ (ఫలానా గడువులోగా పనితీరు మెరుగుపరుచుకోమనే ప్లాన్) పెట్టారు, నిన్న తీసేశారు. ఈఈఓసీకి (ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థ) వెళ్తే ఫలితం ఉంటుందా?

జవాబు (న్యూజెర్సీ): తమ్ముడూ, ఆ మాట ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ సందర్భంలో అన్నారు అనేదాన్ని బట్టే దాని బరువు. మిమ్మల్ని తీసేసిన మనిషే, మీ పనితీరు గురించి మాట్లాడుతూ అంటే గట్టి ఆధారం. నిర్ణయంతో సంబంధం లేనివాళ్లు ఎప్పుడో లంచ్‌లో అన్నదైతే కోర్టులు పెద్దగా పట్టించుకోవు. రోజూ క్లయింట్ కాల్స్ చేసే ఉద్యోగమైతే భాష పనికి అడ్డొచ్చిందని కంపెనీ వాదించగలదు. మీది కోడ్ రాసే పని కాబట్టి ఆ వాదనకు పస తక్కువ. జాబ్ డిస్క్రిప్షన్ కాపీ ఉంటే దాచుకోండి.

ఇలాంటి కేసులు ఎక్కువగా పోయేది పోలిక దగ్గరే. "మిగతావాళ్లకు పిప్ పెట్టలేదు" అంటే చాలదు. అదే మేనేజర్ కింద, అదే స్థాయిలో, మీలాగే డెడ్‌లైన్లు తప్పినా పిప్ పడని మనిషిని చూపించాలి. కంపెనీ కారణం మార్చిందా అన్నదీ చూడండి. టెర్మినేషన్ లెటర్‌లో "పర్ఫార్మెన్స్" అని, ఇంకోచోట "పొజిషన్ తీసేశాం" అని రాస్తే, చెప్పిన కారణం సాకేనని వాదించడానికి అదే పెద్ద ఆధారం. పిప్‌కు కొద్ది వారాల ముందే మంచి రివ్యూ వచ్చి ఉంటే అదీ కలిసొస్తుంది.

పిప్‌కు ముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టారా? పెడితే రిటాలియేషన్ (ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం) వేరే క్లెయిమ్, చాలాసార్లు అసలుదాని కంటే అదే బలంగా ఉంటుంది. కాకపోతే ఆ మెయిల్‌లో యాక్సెంట్ గురించో, ఏ దేశంవాళ్లన్నదాని గురించో ఉండాలి. "మేనేజర్ అన్యాయం చేస్తున్నాడు" అని మాత్రమే రాస్తే లెక్కలోకి రాదు.

జవాబు (షార్లెట్): ఈఈఓసీలో ఫిర్యాదు వేసే గడువు సంగతి ముందు చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో 300 రోజులు, మీ జార్జియాలో ప్రైవేటు ఉద్యోగాలకు 180 రోజులే. లెక్క మొదలయ్యేది తీసేస్తున్నామని చెప్పిన రోజు నుంచి, ఆఖరి పనిదినం నుంచి కాదు. హెచ్ఆర్‌లో అప్పీలు నడుస్తున్నా ఈ గడియారం ఆగదు. ఈ చట్టం వర్తించాలంటే కంపెనీలో కనీసం 15 మంది ఉద్యోగులు ఉండాలి. ఉద్యోగం పోయాక వీసా మీద ఇక్కడ ఉండటానికి మాత్రం గరిష్ఠంగా 60 రోజులే, ఐ-94 (ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) గడువు ముందే ముగిసిపోతే అప్పటివరకే. ఈఈఓసీలో కేసు ఉందని అది పెరగదు.

జవాబు (డాలస్): రికార్డింగులుంటే జాగ్రత్త. జార్జియాలో మాట్లాడేవాళ్లలో ఒకరి సమ్మతి చాలు, అంటే మీది. మేనేజర్ కాలిఫోర్నియాలో కూర్చుంటే లెక్క వేరు. జార్జియా నుంచి రికార్డు చేసిన కాల్స్‌కూ తమ చట్టమే వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అక్కడ అందరి సమ్మతీ కావాలి.

కంపెనీ ఫైళ్లు పర్సనల్ మెయిల్‌కు పంపుకోవడం ఇంకా ప్రమాదం. అది బయటపడితే, కేసు గెలిచినా మీ జీతం నష్టపరిహారం ఆ తేదీ దగ్గరే ఆగిపోవచ్చు. దానికి బదులు ఇవాళే కూర్చుని తేదీ, ఎవరున్నారు, అన్న మాట యథాతథంగా, మీకు గుర్తున్నంత రాసిపెట్టండి.

సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కాగితం ఇస్తే లాయర్ చూడకుండా సంతకం పెట్టకండి. క్లెయిములన్నీ వదులుకుంటున్నట్టు అందులో ఉంటుంది. 40 ఏళ్లు నిండినవాళ్లకు ఏజ్ క్లెయిము (వయసు వివక్ష కేసు) వదులుకోవాలంటే ఆలోచించుకోవడానికి 21 రోజులు, సంతకం వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఫెడరల్ చట్టమే ఇస్తుంది. మీకు అంత వయసు లేకపోతే ఆ రక్షణ లేదు, గడువు మీరే మెయిల్‌లో అడిగి తీసుకోవాలి.