లుసాకా నుంచి కేప్‌టౌన్: జొహన్నెస్‌బర్గ్‌లో 1 గంట 50 నిమిషాలు సరిపోతాయా?

జాంబియాలోని లుసాకా నుంచి దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్ గాల్లో సుమారు 1,200 కి.మీ., రెండు గంటల ప్రయాణం. అక్కడి నుంచి కేప్‌టౌన్‌కి ఇంకో 1,270 కి.మీ., అదీ రెండు గంటల పైనే. రెండు దేశాల్లోనూ గడియారం ఒకటే కాబట్టి ఆ తికమక లేదు.

చిక్కంతా మధ్యలోనే. టికెట్లు వేర్వేరుగా కొన్నాను (చవకని ఆశపడ్డాను లెండి). ఉదయం 10:40కి దిగుతా, 12:30కి కేప్‌టౌన్ విమానం. ఇమిగ్రేషన్ దాటి, 23 కిలోల పెట్టె తీసుకుని, కస్టమ్స్ అయ్యాక డొమెస్టిక్ వైపు మళ్లీ చెక్-ఇన్ చేయాలి. ఎయిర్‌లైన్ హెల్ప్‌లైన్‌కి మూడుసార్లు చేశాను. ఒకసారి 25 నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. మెయిల్‌కి జవాబు లేదు. మధ్యాహ్నం విమానానికి మార్చుకుందామంటే కొత్త టికెట్టంత ఖర్చు.

ఈమధ్య ఇలా వేరే టికెట్‌తో, చెక్-ఇన్ లగేజీతో అక్కడ మారినవాళ్లెవరైనా చెప్పండి: దిగినప్పటి నుంచి డొమెస్టిక్ కౌంటర్ చేరేసరికి మీకు ఎంతసేపు పట్టింది?