బావమరిదికి ఇచ్చే డబ్బుకు నోటు రాయించుకోవడం తప్పా?

ఆటోనగర్ పట్టీలు:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఆటోనగర్‌లో లారీ కమాన్ పట్టీల షాపు. డబ్బు గురించే గానీ ఇది డబ్బు సమస్య కాదనిపిస్తోంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా బావమరిది పోరంకిలో ఫ్లాట్ తీసుకుంటున్నాడు. బ్యాంకు లోను పోను ఆరు లక్షలు తగ్గితే నన్ను అడిగాడు. వెంటనే సరే అన్నాను. మా దగ్గర నూటికి రెండు రూపాయలు నడుస్తోంది, ముఖపరిచయం లేనివాడికైతే రెండున్నర. వీడికి రూపాయే చెప్పాను, అంటే నెలకు ఆరు వేలు. ఒక ప్రామిసరీ నోటు రాసివ్వమన్నాను. వాడు "సరే బావా" అన్నాడు. కానీ సాయంత్రానికి మా అత్తగారు ఫోన్‌లో ఏడుపు. మామగారు అసలు ఫోన్ తీసుకోలేదు.

మామగారు రైల్వేలో చేశారు. ఎలక్ట్రిక్ లోకోషెడ్‌లో రిటైరయ్యారు. పిల్లలు సత్యనారాయణపురం రైల్వే కాలనీలో పెరిగారు. వాళ్ల పద్ధతేమిటంటే, పెద్ద అవసరానికి పీఎఫ్ లోనో, సొసైటీ లోనో పెట్టుకుంటారు. చిన్నదైతే పక్క క్వార్టర్‌లో చేబదులు. ఒకటో తారీఖు జీతం రాగానే ఇచ్చేస్తారు. ఆలస్యమైతే ఆ ఇంటి పిల్ల పెళ్లికి నాలుగు రోజులు ముందే వెళ్లి వంట దగ్గర నిలబడతారు. నోటు, సాక్షి, వడ్డీ... ఇవన్నీ బయటివాళ్లతో పెట్టుకునేవి.

మా ఇంట్లో అలా కాదు. మా నాన్న షెడ్డుకు అడ్వాన్సు కట్టింది సొంత అన్న దగ్గర నోటు రాసే. పెదనాన్న రూపాయిన్నర వడ్డీ తీసుకున్నాడు, ఉగాదికి తప్పకుండా చెల్లు వేయించుకునేవాడు. దానివల్ల వాళ్ల మధ్య ఏ లోటూ రాలేదు. పైగా మా పెద్దమ్మ ఎప్పుడూ "మా డబ్బుతో షెడ్డు పెట్టారు" అని నోరు తెరవలేకపోయింది. వడ్డీ కట్టాం కదా! మా నాన్న తల ఎత్తుకుని తిరిగింది ఆ రూపాయిన్నర వల్లే అని నా లెక్క.

ఇంకొకటి చెప్పాలి, అసలు ముడి అక్కడే ఉందేమో. 2020లో లాక్‌డౌన్‌లో షాపు మూతపడితే మామగారు మూడు లక్షలు ఇచ్చారు. అడక్కుండానే ఇచ్చారు. లారీలు మళ్లీ తిరగడం మొదలయ్యాక అసలు, దానికి రూపాయి చొప్పున వడ్డీ కలిపి కవర్లో పెట్టి, పూర్ణానందంపేట నుంచి స్వీట్లు కొనుక్కుని వెళ్లి ఇచ్చాను. ఆయన అసలు మాత్రం తీసుకుని, వడ్డీ కవరు టీపాయ్ మీద వదిలేశారు. తర్వాత మా ఆవిడతో "అల్లుడు లెక్క తేల్చేసుకున్నాడమ్మా" అన్నారట. నేను గౌరవం అనుకుని ఇచ్చాను. ఆయన తెగతెంపులు అనుకున్నారు.

ఇప్పుడు నోటు వద్దంటే మా తమ్ముడు ఊరుకోడు. షాపులో వాడికీ సగం వాటా ఉంది. నోటు కావాలంటే అత్తగారింట్లో నా ముఖం చూడరు. ఎవరిది న్యాయం?

---

బ్రాడీపేట రిటైర్డ్:

గుంటూరులో బ్యాంకులో పనిచేశాను, కాబట్టి ముందు కాగితం సంగతి.

నోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఈలోపు కొంత సొమ్ము కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. మీ పెదనాన్న ఉగాదికి చెల్లు వేయించుకోవడం చాదస్తం అనుకునేరు. అది లేకపోతే నోటుకు కాలదోషం పట్టి కోర్టులో పనికిరాదు. సాక్షి సంతకం, దస్తూరి (నోటు రాసిపెట్టినవాడి) పేరు చట్టం అడగదు గానీ మనవాళ్లు పెట్టిస్తారు, మంచిదే. రెవెన్యూ స్టాంపు మాత్రం మర్చిపోకండి.

రెండోది, నోటు ఉన్నా లేకున్నా ఆరు లక్షలు నగదుగా ఇవ్వొద్దు. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. బావమరిది అయినా అంతే. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయండి.

న్యాయం ఎవరిదంటారా? నా సర్వీసులో షూరిటీ సంతకాలు పెట్టి మునిగినవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగస్తులే. వ్యాపారస్తుడు సంతకం పెట్టేముందు ఎంత, ఎన్నాళ్లు అని అడిగేవాడు. టీచరు, గుమాస్తా అలా అడగడమే మొహమాటం అనుకునేవారు. కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అప్పు తీసుకున్నవాడు ఎంతకు బాధ్యుడో, వేరే షరతు లేకపోతే హామీదారూ అంతకు బాధ్యుడే అంటుంది. మొహమాటానికి అందులో సెక్షన్ లేదు.

---

వన్‌టౌన్ క్లాత్:

అన్నా, మీరు రెండు విషయాలు ఒక కట్టలో కట్టారు. కాగితం వేరు, వడ్డీ వేరు.

మాది వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం. ముస్లిం కుటుంబం. మాకు వడ్డీ హరామ్. ఇవ్వకూడదు, తీసుకోకూడదు. కానీ అప్పు రాసుకోవడం తప్పని మాకు ఎవరూ చెప్పలేదు, రాసుకోమనే ఉంది. ఖురాన్‌లో అల్ బఖరా సూరా 282వ ఆయత్ చూడండి. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులు ఉండాలి, చిన్న మొత్తమైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దు అని వివరంగా ఉంది. ఖురాన్ మొత్తంలో పొడవైన ఆయత్ అదే. దానికి రెండు ఆయత్‌ల ముందు, తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే తేలికపడేదాకా గడువివ్వండి అనీ ఉంది.

మా అక్క కొడుకు ఆటో కొనుక్కోవడానికి నేను ఖర్జె హసనా ఇచ్చాను. వడ్డీ పైసా లేదు. కాగితం మాత్రం ఉంది, దాని మీద మా బావ సాక్షి సంతకం. మా అక్క ఏమీ అనుకోలేదు. అదే మీ మామగారి ఇంట్లో అయితే ఆ కాగితమే పెద్ద అవమానం. మీకేమో వడ్డీ లేకపోతే అవమానం. ఒక్క కెనాల్ దాటితే ఇంత తేడా.

---

ఆటోనగర్ పట్టీలు:

వన్‌టౌన్ భాయ్, ఇది నాకు తట్టలేదు. మామగారికి నోటు వల్ల కోపమా, వడ్డీ వల్ల కోపమా అని మా ఆవిడను అడిగాను. "రెండూ కాదు, వాడు ఫోన్ పెట్టకముందే రేటు చెప్పావు" అంది. అంటే నెల ఆగి చెప్పాలా? మా దగ్గర రేటు ముందు చెప్పనివాడిని మోసగాడంటారు.

---

మిర్చి యార్డు:

గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారం మాది. నిజం చెప్తాను, నన్ను తిట్టుకున్నా ఫర్లేదు.

పల్నాడు రైతుకు పంట పెట్టుబడికి డబ్బిస్తాం. వడ్డీ తీసుకుంటాం. వడ్డీతో పాటు అతని టిక్కీలు (మిర్చి బస్తాలు) నా కొట్టుకే రావాలన్న మాటా ఉంటుంది, అది ఏ నోటులోనూ రాయం. వడ్డీ కంటే ఆ రాయని మాటే గట్టిది. ఒక రైతు నా దగ్గర తీసుకుని సరుకు పక్క కొట్లో దించాడు. డబ్బు వడ్డీతో సహా పైసా బాకీ లేకుండా కట్టాడు. "కట్టేశాగా, ఇంకేంటి?" అన్నాడు. అతని లెక్కలో అతను కరెక్టు. మా బజార్లో మాత్రం అతన్ని నమ్మకస్తుడు అనరు.

కాబట్టి పట్టీల అన్నా, మనం వ్యాపారస్తులం రాతకోతల మనుషులం అని గొప్పలు పోతాం గానీ, మనకూ రాయని లెక్కలు చాలా ఉన్నాయి. మీ షాపుకు పాత కస్టమర్ వచ్చి పట్టీ కట్ట అరువడిగితే నోటు రాయిస్తారా? పుస్తకంలో పేరు రాసుకుని పంపిస్తారు. మీ మామగారు ఆ పాత కస్టమర్ పాటి కూడా కాదా అని ఆయన బాధ అయ్యుండొచ్చు.

---

పటమట లెక్చరర్:

డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. ఇలాంటివాటి మీద చాలా పరిశోధన జరిగింది, క్లాసులో నేను తరచూ చెప్పేది ఒకటి రాస్తాను.

జోన్ మిల్లర్, డేవిడ్ బెర్సాఫ్ అనే ఇద్దరు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. మన మైసూరువాళ్లను, అమెరికాలో న్యూహేవెన్‌వాళ్లను ఒకే రకమైన ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి: స్నేహితుడి పెళ్లికి ఉంగరాలు పట్టుకెళ్లాల్సిన మనిషి పర్సు స్టేషన్‌లో పోయింది. పక్కన ఎవరిదో కోటు, జేబులోంచి టిక్కెట్టు కనిపిస్తోంది. తీసుకుని పెళ్లికి వెళ్లాలా, వద్దా? అమెరికావాళ్లలో ఎక్కువమంది ఇతరుల వస్తువు తీయకూడదన్నారు. మైసూరువాళ్లలో చాలా ఎక్కువమంది ఉంగరాలు చేరడమే ముఖ్యం అన్నారు. మాట నిలబెట్టుకోవడం వాళ్లకు సొంత ఇష్టం కాదు, బాధ్యత.

మైసూరువాళ్లను మొత్తం 'భారతీయులు' అని లెక్కేయడం దగ్గర నాకు పేచీ ఉంది. అదే సర్వే బెజవాడలో చేస్తే ఆటోనగర్‌కు ఒక పట్టిక, రైల్వే కాలనీకి ఒక పట్టిక వేయాల్సి వచ్చేదని ఈ చర్చ చూస్తుంటే అనిపిస్తోంది. మనం కులం, మతం, ప్రాంతం అని గుంపులు కడతాం. జీతం ఒకటో తారీఖున వచ్చే ఇల్లు, రోజూ గల్లాపెట్టెలోకి వచ్చే ఇల్లు అనే తేడాను పట్టించుకోం.

ఆలన్ ఫిస్కే అనే ఆయన మనుషుల సంబంధాలను నాలుగు రకాలుగా చూశాడు. అంతా ఉమ్మడి అనుకునేది, పెద్ద-చిన్న వరుస ఉండేది, నువ్వింత చేస్తే నేనంత చేస్తాననేది, ధర కట్టేది. ఒకే ఇంట్లో నాలుగూ ఉంటాయి. ఒకరు ఉమ్మడి అనుకున్నచోట ఇంకొకరు ధర కడితే గొడవ వస్తుంది. మీ మామగారు మూడు లక్షలు మొదటి రకంలో ఇచ్చారు, మీరు నాలుగో రకంలో తీర్చారు.

---

ఆటోనగర్ పట్టీలు:

మేడమ్, చదువుతుంటే బాగానే ఉంది. కానీ ఆదివారం అత్తగారింట్లో భోజనం. అక్కడ ఫిస్కే గారిని తీసుకెళ్లలేను కదా.

ఒకటి మాత్రం ఒప్పుకోను. ధర కట్టడం అంటే ప్రేమ తక్కువ అన్నట్టు ధ్వనిస్తోంది. మా నాన్నకు బైపాస్ జరిగినప్పుడు హాస్పిటల్ బయట రాత్రంతా కూర్చున్నది పెదనాన్నే, చేతిలో నోటు ఉన్నవాడే.

---

కొత్తపేట ఆడపడుచు:

మగవాళ్లందరూ మామగారి పరువు, తమ్ముడి వాటా అంటున్నారు. మీ ఆవిడ సంగతి ఎవరూ అడగరేం?

మాది గుంటూరు కొత్తపేట. నా పెళ్లప్పుడు పసుపుకుంకుమల కింద ఇచ్చిన డబ్బు మా అన్నయ్య దగ్గరే వడ్డీకి ఉంచారు. రెండు రూపాయలు. ప్రతి దసరాకూ అన్నయ్య లెక్క రాసి తెచ్చిచ్చేవాడు. మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది ఇల్లు నడిచింది ఆ డబ్బుతోనే. నేను ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. అన్నయ్య వడ్డీ ఇచ్చాడని మా మధ్య ఏం తగ్గింది? రాఖీకి ఇప్పటికీ వాడే వస్తాడు.

మా తోడికోడలి కథ ఇంకోలా జరిగింది. ఆమె డబ్బు "మనింట్లో మనకి కాగితాలేంటమ్మా" అని పుట్టింటివాళ్లే వాడుకున్నారు. అడిగితే గయ్యాళి అయింది, అడక్కపోతే డబ్బు పోయింది. చివరికి అడగలేదు. ఉమ్మడి, ఆప్యాయత అంటారు గానీ, ఆ ఆప్యాయత ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో చూడండి. మా చుట్టుపక్కల ఇళ్లలో అయితే ఆడవాళ్ల ఖాతాలోనే.

రైల్వే మామగారు మంచివారే, ఆయన ఇచ్చింది ఆయన పీఎఫ్. మీరిచ్చే ఆరు లక్షల్లో మీ ఆవిడ చీటీ డబ్బు ఎంత ఉందో ముందు చెప్పండి.

---

ఆటోనగర్ పట్టీలు:

అక్కా, కొట్టినట్టు అడిగారు. ఆరులో రెండున్నర ఆమె చీటీ పాడిన డబ్బే. ఇంటి ఖర్చులో మిగిల్చి, బ్లౌజులు కుట్టి నెలనెలా కట్టుకున్నది.

రాత్రి ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన నిర్ణయం చెప్పింది. మూడున్నర లక్షలు షాపు డబ్బు కాబట్టి నోటు నా పేరున, రూపాయి వడ్డీ, తమ్ముడికి మాట రాదు. తన రెండున్నరకు వడ్డీ వద్దట, కానీ కాగితం కావాలట. "మా తమ్ముడి దగ్గర వడ్డీ నేను తినను, కానీ రేపు మరదలు మారిపోతే?" అంది. రైల్వే కాలనీలో పెరిగిన మనిషి ఈ మాట అంటుందని నేను అనుకోలేదు. నాన్నగారికి తనే చెప్తానంది. ఆయన ఏమంటారో ఆదివారం తెలుస్తుంది.

బ్రాడీపేట గారూ, వడ్డీ లేకుండా ఆమె పేరున వేరే నోటు రాయించవచ్చా?

---

బ్రాడీపేట రిటైర్డ్:

నిరభ్యంతరంగా. వడ్డీ లేదని నోటులోనే స్పష్టంగా రాయించండి. రెండున్నర ఆమె ఖాతాలోంచే వెళ్లాలి. మీ ఖాతాలోంచి పంపి ఆమె పేరున నోటు రాయిస్తే తర్వాత ఎవరి డబ్బన్న ప్రశ్న వస్తుంది. చెల్లు విషయం ఆమెకు కూడా చెప్పండి. మూడేళ్లు దాటకముందే తమ్ముడి చేత ఎంతోకొంత కట్టించి, నోటు వెనక తేదీతో సంతకం తీసుకోవాలి. కవర్లో పెట్టి ఇస్తే చెల్లదు.